సోవా రిగ్పా నేర్చుకోవడానికి విశాఖ నుంచి విదేశం వెళ్లే వైద్య విద్యార్థికి

ఎంబీబీఎస్ చదువుతూ టిబెటన్ సంప్రదాయ వైద్యమైన సోవా రిగ్పాపై ఆసక్తి పెంచుకున్న విద్యార్థులు నన్ను మొదట అడిగేది ఏ దేశం వెళ్లాలి అని. నేను తిరిగి అడిగేది ఎంతకాలం, ఏ పని మీద అని. ఆ వైద్యంలో పట్టా పొంది వైద్యుడు కావడం ఐదారేళ్ల చదువు. దానికి దేశం దాటవలసిన అవసరం కూడా లేదు. 2010లో చట్ట సవరణ ద్వారా సోవా రిగ్పాకు మన దేశంలో గుర్తింపు వచ్చింది. ధర్మశాలలోని మెన్-త్సీ-ఖాంగ్, సారనాథ్‌లోని కేంద్రీయ ఉన్నత తిబ్బతీ శిక్షా సంస్థాన్ వంటి చోట్ల ఆ చదువు ఉంది. ఆధునిక వైద్యం చదువుతున్నవారు కొన్ని వారాలు దగ్గరుండి చూసి, పరిమితంగానైనా సరిగా నేర్చుకుని రావడం రెండో దారి. నేను రాస్తున్నది ఆ రెండో దారి గురించే.

సమయం ముందుగా తేల్చుకోవాలి. ఎంబీబీఎస్‌లో ఎలెక్టివ్‌ల కోసం, అంటే విద్యార్థి తానే ఎంచుకునే అంశాల కోసం, రెండు విడతలు ఉన్నప్పటికీ, అవి చిన్నవి, కళాశాల నిర్ణయించిన జాబితాకు లోబడినవి కాబట్టి విదేశీ ప్రయాణానికి అంతగా సరిపోవు. ఇంటర్న్‌షిప్ పూర్తయి, పీజీ చదువు మొదలయ్యేలోపు దొరికే ఖాళీలో రెండు నెలలు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. అప్పటికి వార్డుల్లో రోగులను చూసిన అనుభవం ఉంటుంది. అది లేకుండా వెళితే నాడి పట్టుకున్న వైద్యుడు ఏమి వెతుకుతున్నాడో అర్థం కాదు.

ఇక దేశం. విశాఖ నుంచి వెళ్లేవారికి నేను భూటాన్ పేరే ముందు చెబుతాను. అక్కడి రాజ్యాంగంలోని 9వ అధికరణం ఆధునిక, సంప్రదాయ వైద్యాలు రెండింటిలోనూ ప్రాథమిక ఆరోగ్య సేవలను ఉచితంగా అందించాలని చెబుతుంది. 1960ల చివరి నుంచి సంప్రదాయ వైద్యం ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో భాగంగా సాగుతోంది. జిల్లా ఆసుపత్రుల్లోనూ దానికి విభాగాలున్నాయి. అందువల్ల ఒకే రోగి రెండు వైద్యాల మధ్య ఎలా నడుస్తాడో, ఎవరు ఎవరి దగ్గరికి పంపుతారో కళ్లారా చూడవచ్చు. వైద్య విద్యార్థికి ఇంతకంటే విలువైన పాఠం మరొకటి లేదని నేను నమ్ముతాను. థింపూలోని ఖేసర్ గ్యాల్పో వైద్య శాస్త్రాల విశ్వవిద్యాలయంలో సంప్రదాయ వైద్య విభాగం ఉంది; అక్కడి పట్టభద్రులైన వైద్యులను డ్రుంగ్‌త్సో అంటారు. భారతీయులకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని చూపి ప్రవేశ అనుమతి తీసుకోవచ్చు. అయితే పర్యాటకులుగా వెళ్లే భారతీయులు రాత్రికి 1,200 రూపాయల రుసుము చెల్లించవలసి ఉంటుంది కనుక, చదువు కోసం ఉండే అనుమతిని ఆతిథ్యమిచ్చే సంస్థ ద్వారానే ముందుగా కోరడం అవసరం. రెండు నెలలకు ఆ రుసుము ఎంతవుతుందో లెక్కవేసుకుంటే ఆ అనుమతి విలువ తెలుస్తుంది.

నేపాల్‌కు కూడా మనకు వీసా అక్కర్లేదు; ఖాట్మండులో ఈ విద్య నేర్పేవారున్నారు. మంగోలియాలో ఈ వైద్యం తనదైన శాఖగా ఎదిగింది గాని భాష, దూరం, చలి మూడూ భారమే. టిబెట్ రాజధాని లాసాకు విదేశీయులు ప్రత్యేక అనుమతి లేకుండా, సొంతంగా వెళ్లలేరు. మొదటిసారి వెళ్లేవారు దానిని లక్ష్యంగా పెట్టుకోవద్దు.

ఆతిథ్యమిచ్చే సంస్థకు ఉత్తరాలు కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టాలి. ప్రిన్సిపాల్ సంతకంతో బోనఫైడ్, నిరభ్యంతర పత్రం, మీ చదువు ఏ దశలో ఉందో చెప్పే లేఖ, ఏమి నేర్చుకోదలచారో ఒకే పేజీలో స్పష్టంగా రాసిన ప్రణాళిక, ఆరోగ్య బీమా, ఇవి ఉంటే చాలు. ఆ ప్రణాళికలో "టిబెటన్ వైద్యం తెలుసుకోవాలని ఉంది" అని రాయకండి. నేను మొదటిసారి అలాగే రాసి పంపితే మూడు నెలల పాటు జవాబు రాలేదు. "కీళ్ల నొప్పులతో వచ్చే రోగులలో నాడీ పరీక్ష, మూత్ర పరీక్ష ఎలా చేస్తారో పరిశీలించదలచాను" అని తిరిగి రాస్తే పది రోజుల్లో వచ్చింది. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలైనా మిగిలి ఉందో లేదో చూసుకుని, లేకపోతే ముందుగానే మర్రిపాలెం కార్యాలయానికి వెళ్లిరండి.

అసలు సన్నాహం ఇక్కడే, సముద్రం ఒడ్డునే జరగాలి. శీతకాలంలో మన ఊళ్లో స్వెటర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్లలో ఒక పెద్దావిడ దగ్గర నేను అక్షరాలు దిద్దాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఆమె బిల్లు పుస్తకం వెనక వైపు క, ఖ, గ, ఙ అని వరుసగా రాసి చూపినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అది మన అక్షరమాల వరుసే, ఘ మాత్రం లేదు. ఆ లిపి మన దేశపు లిపుల నుంచే పుట్టింది. మొత్తం ముప్పై హల్లులు, తెలుగు చదివినవారికి వారం రోజుల పని. ఉచ్చారణ మాత్రం రాతకు చాలా దూరంగా ఉంటుంది; దానికి మనిషి పక్కన ఉండవలసిందే.

తర్వాత వాగ్భటుని ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయం తెలుగు తాత్పర్యంతో చదవండి. పదకొండవ శతాబ్దంలో రిన్‌చెన్ జాంగ్‌పో అనే టిబెటన్ పండితుడు దానిని టిబెటన్‌లోకి అనువదించాడు. వారి మూల గ్రంథమైన గ్యూషిపై దాని ప్రభావం గాఢంగా కనిపిస్తుంది. గ్యూషి అంటే నాలుగు తంత్రాలు, మొత్తం 156 అధ్యాయాలు. మొదటిదైన మూల తంత్రంలో ఆరు అధ్యాయాలే ఉన్నాయి. దాన్ని చెట్టు బొమ్మగా గీసి నేర్పుతారు: మూడు వేళ్లు, తొమ్మిది కాండాలు, 47 కొమ్మలు, 224 ఆకులు, రెండు పూలు, మూడు పండ్లు. అక్కడి విద్యార్థులు దీన్ని కంఠస్థం చేస్తారు. మీరు కంఠస్థం చేయనక్కర్లేదు గాని ఆ చెట్టును చూడకుండా గీయగలిగే స్థితిలో విమానమో రైలో ఎక్కండి.

వీలైతే ఒకసారి బరంపురంలో రైలు దిగి, ఒడిశాలోని గజపతి జిల్లా చంద్రగిరికి వెళ్లిరండి. 1960ల్లో వెలసిన టిబెటన్ శరణార్థుల స్థావరం అది. ఆ వైద్యం చేయించుకునే కుటుంబాల మధ్య ఒక రోజు గడిపితే, రోగి వైపు నుంచి ఆ వైద్యం ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది.

విదేశంలో మీరు నేర్చుకునే చోటికి చేరిన తర్వాత మొదటి వారం కూర్చుని చూడండి, ప్రశ్నలు సాయంత్రానికి దాచుకోండి. నాడి చూడటం మన కళాశాలలో నేర్పే పద్ధతికి పూర్తిగా వేరు. మణికట్టు ముడత నుంచి బొటనవేలి కణుపంత దూరం వదిలి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లను ఒకదానికొకటి తగలకుండా ఆనించాలి. చూపుడు వేలు చర్మం మీద, మధ్య వేలు కండ వరకు, ఉంగరపు వేలు ఎముక వరకు నొక్కాలి. ఒక్కొక్క వేలి కొన పై సగం ఒక అవయవాన్ని, కింది సగం మరొకదాన్ని చెబుతుందని వారి శాస్త్రం. వైద్యుడు తన ఒక శ్వాసలో ఐదు స్పందనలు వస్తే ఆరోగ్యమని లెక్కిస్తాడు, గడియారం చూడడు. నా వేళ్ల మీద గురువుగారు తన వేళ్లు ఉంచి నొక్కినప్పుడే, నేను మూడింటినీ ఒకే బలంతో నొక్కుతున్నానని నాకు అర్థమైంది. అది సరికావడానికి పన్నెండు రోజులు పట్టింది.

మూత్ర పరీక్షకు తెల్లవారుజామున తొలి మూత్రం కావాలి. తెల్లని గిన్నెలో పోసి, పుల్లతో చిలికి, వేడిగా ఉన్నప్పుడు రంగు, ఆవిరి, వాసన, నురగ చూస్తారు. గోరువెచ్చనయ్యాక అడుగున చేరిన మడ్డి, పైన తేలిన పొర. చల్లారాక మారిన తీరు. ప్రయోగశాల నివేదికతో పోల్చాలన్న తొందర సహజమే. పోల్చండి, కానీ ముందు నోటు పుస్తకంలో చూసినది చూసినట్టు రాసిన తర్వాతే.

తెలుగువారు తరచుగా చేసే పొరపాటు ఒకటి ఉంది. ఆ వైద్యంలోని మూడు మూల తత్త్వాలైన లుంగ్, ఠీపా, బేకెన్ అనగానే వాతం, పిత్తం, కఫం అని అనువదించుకుని ముందుకు సాగిపోతారు. నేనూ అలాగే చేశాను. నిద్రలేమి, గుండెదడ, అకారణ దుఃఖంతో వచ్చిన ఒక రోగిని లుంగ్ వ్యాధి అన్నప్పుడు నేను వాతం అనుకుని కీళ్ల గురించి అడిగాను. లుంగ్ మనసుకు వాహనమని, ఆ ఊహ లేకుండా సగం వ్యాధులు అర్థం కావని గురువుగారు ఓపికగా చెప్పారు. చుట్టరికం నిజమే, కానీ ఒకటి కాదు. పదాలను టిబెటన్‌లోనే ఉంచి రాసుకోవడం అలవాటు చేసుకోండి.

జాగ్రత్తలు రెండు. థింపూ దాదాపు 2,300 మీటర్ల ఎత్తున ఉంది. సముద్ర మట్టాన పెరిగినవారు మొదటి రెండు రోజులు పరుగులు పెట్టకూడదు. రెండవది మరింత ముఖ్యం. రిన్‌చెన్ రిల్‌బు అనే విలువైన మాత్రలలో కొన్నింటిలో త్సోతెల్ అనే శుద్ధి చేసిన పాదరసం ఉంటుంది. శుద్ధితో విషం పోతుందని వారి సంప్రదాయం చెబుతుంది. పాదరసం మూత్రపిండాలకు, నాడీ వ్యవస్థకు ఏమి చేస్తుందో మీ ఫార్మకాలజీ చెబుతుంది. ఈ రెండింటినీ గౌరవంగా రాసుకోండి గాని కుతూహలం కొద్దీ మింగకండి, బంధువుల కోసం మూటగట్టి తేకండి.

రోగి ఫొటో అతని అంగీకారం, సంస్థ అనుమతి రెండూ లేకుండా తీయరాదు. పేర్లు రాసుకోకండి, వయసు, ఫిర్యాదు, నాడి, మూత్రం, ఇచ్చిన మందు, ఆహార సలహా చాలు.

తిరిగి వచ్చాక చేతిలో ఉండే ధ్రువపత్రం ఆ మందులు రాసే హక్కునివ్వదు. ఆ సంగతి ఇంట్లో వారికి, పొరుగువారికి మొదటి రోజే చెప్పండి. నెల తిరగక ముందే కళాశాలలో ఒక గంట అడిగి, మీరు చూసిన రోగులలో ముగ్గురి కథను మెడిసిన్ ప్రొఫెసర్ ముందు, వీలైతే ఒక ఆయుర్వేద వైద్యుణ్ని కూడా పిలిచి చెప్పండి. నా సమావేశంలో ఆయుర్వేద వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్నకు, ఆ రోగి రాత్రి భోజనంలో ఏమి తిన్నాడన్నదానికి, నా నోటు పుస్తకంలో జవాబు లేదు. మీరు ఆ గడి ముందే గీసుకుని వెళ్లండి.