ఒక్క థ్రెడ్‌ను ఆపే ముందు జాగ్రత్తలు

అనంతపురంలో బోరు మోటారు కంట్రోలర్‌కు లినక్స్ మీద సీ కోడ్ రాస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు.

– నడుస్తున్న ప్రోగ్రామ్ మొత్తం ప్రాసెస్, దాని లోపల విడిగా సాగే ఒక్కో పని థ్రెడ్. ఆపాల్సింది థ్రెడ్‌నా, ప్రాసెస్‌నా? పీథ్రెడ్_కిల్‌తో సిగ్‌కిల్ (చంపే సిగ్నల్) పంపితే ప్రాసెస్ మొత్తం పోతుంది. థ్రెడ్ లోపల ఎగ్జిట్ పిలిచినా అంతే. మెయిన్ నుంచి రిటర్న్ అయినా అంతే.

– బయటి నుంచి చంపొద్దు, తనే ఆగేలా చెప్పండి. దానికి అటామిక్ ఫ్లాగ్ (థ్రెడ్ల మధ్య భద్రంగా చదివి, రాయగల గుర్తు) కావాలి, వోలటైల్ చాలదు. అయితే నీటిమట్టం సెన్సర్ కోసం రీడ్‌లో ఆగిపోయిన థ్రెడ్ ఫ్లాగ్ వైపే చూడదు. ఈవెంట్‌ఎఫ్‌డీ (థ్రెడ్‌ను లేపడానికి పనికొచ్చే ఫైల్ డిస్క్రిప్టర్) ఒకటి తెరిచి, సెన్సర్‌తో పాటు దాన్నీ ఒకేసారి గమనించే పోల్‌లో పెట్టండి. ఆపాలనుకున్నప్పుడు అందులోకి 1 రాస్తే చాలు, వెంటనే లేస్తుంది.

– మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్ మాత్రమే పట్టుకోగల తాళం) పట్టుకుని ఉందా? అన్నిటికంటే టెన్షన్ ఇక్కడే. పట్టుకున్న థ్రెడ్ పోయినంత మాత్రాన మామూలు మ్యూటెక్స్ విడుదల కాదు. మోటారు ఆఫ్ చేయాల్సిన థ్రెడ్ దానికోసం కాచుకునే ఉంటుంది. ఈలోగా బోరులో నీళ్లు అయిపోతే మోటారు కాలిపోతుంది, రైతుకు వేలల్లో నష్టం. మెమరీ ఇచ్చే మాలాక్ లోపలా ఇలాంటి లాక్ ఉంటుంది, అందుకే థ్రెడ్‌ను ఎక్కడుంటే అక్కడే ఆపేసే అసింక్రనస్ క్యాన్సిల్ జోలికి అసలు పోవద్దు.

– పీథ్రెడ్_క్యాన్సిల్ తప్పనిసరైతే, నిర్ణీత చోట్లకు వచ్చినప్పుడే థ్రెడ్ ఆగే డిఫర్డ్ పద్ధతిలోనే ఉంచండి, ఆగేటప్పుడు లాక్‌లు, మెమరీ వదిలేసే క్లీనప్ హ్యాండ్లర్లు ముందే రాసిపెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో అయితే ఆ ఫంక్షనే లేదు.

– ఆ థ్రెడ్ స్టాక్‌లోని వేరియబుల్ అడ్రస్ ఇంకెవరి దగ్గరైనా ఉందేమో వెతకండి.

– జాయినో (థ్రెడ్ ముగిసేదాకా కాచుకోవడం), డిటాచో (దాని దారిన దాన్ని వదిలేయడం) ముందే తేల్చుకోండి. జాయిన్ తిరిగొచ్చేదాకా ఆ థ్రెడ్ వాడే బఫర్‌ను ఫ్రీ చేయొద్దు.