పాత డీజిల్ ఎస్‌యూవీ: కడప ఎండలో వచ్చే తంటాలు, మనమే చేసుకోగల మరమ్మతులు

పదేళ్లు దాటిన స్కార్పియోలు, బొలెరోలు, సుమోలు మన జిల్లాలో ఇంకా దండిగా తిరుగుతున్నాయి. ఇంజన్లు గట్టివే. వాటిని సతాయించేవి ఎండ, దుమ్ము, బోరు నీళ్లు. షెడ్డుకు పోయి పార్టు మార్పించే ముందు సమస్య ఎప్పుడు వస్తోందో గమనించండి. నిలబడినప్పుడా, ఘాట్ ఎక్కేటప్పుడా, పొద్దున్నేనా? అది తెలిస్తే కారణం సగం దొరికినట్టే.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

పాత బండ్లలో అన్నిటికన్నా ఖరీదైన నష్టం ఇక్కడే జరుగుతుంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

ఏడు రోడ్ల కూడలిలో ట్రాఫిక్‌లో నిలబడితే ముల్లు లేచి, బైపాస్ ఎక్కి వేగం అందుకోగానే దిగిపోతోందా? అనుమానం ఫ్యాన్ మీద పెట్టుకోండి. వేగంగా పోతుంటే గాలి దానంతటదే రేడియేటర్‌లోకి దూరుతుంది. నిలబడితే ఫ్యానే దిక్కు. ఇంజన్‌కు బిగించిన విస్కస్ ఫ్యాన్ (లోపల ఆయిల్ నింపిన క్లచ్ ద్వారా తిరిగేది) అయితే ఇంజన్ బాగా వేడెక్కాక ఆపి, తాళం చెవి తీసేసి, రెక్కను చేత్తో తిప్పి చూడండి. బిగువుగా కదిలి వెంటనే ఆగిపోతే బాగున్నట్టు. గిర్రున తిరుగుతూ పోతే లోపలి సిలికాన్ ఆయిల్ కారిపోయినట్టు. ఫ్యాన్ మధ్య భాగం చుట్టూ జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము కూడా కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు, ఆ క్లచ్ మార్చాల్సిందే. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండిలో మాత్రం చెయ్యి పెట్టకండి, ఇంజన్ ఆపినా అది తిరగొచ్చు. ఏసీ వేసినా తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడండి.

ఊళ్లో బాగానే ఉండి, హైవే మీదో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడో ముల్లు లేస్తే కథ వేరు. అప్పుడు చాలాసార్లు రేడియేటర్ మూసుకుపోయి ఉంటుంది. బయట మూసుకుపోవడం సులువుగా కనిపిస్తుంది. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో టార్చి వేసి చూడండి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీల వెనక, బండల గనుల దారిలో తిరిగే బండ్లలో అక్కడ దుమ్ము దట్టంగా పేరుకొని ఉంటుంది. ఆ దుమ్మును ముందే తడిపితే గట్టిపడుతుంది. అందుకని మొదట గాలి కొట్టి, తర్వాత ఇంజన్ వైపు నుంచి ముందుకు సన్నటి ధారతో నీళ్లు పట్టండి. వాటర్ సర్వీసింగ్ గన్‌తో దగ్గర నుంచి కొడితే పల్చటి రెక్కలు వంగిపోయి గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. ఈ ఒక్క పనితో ఏసీ చల్లదనం కూడా పెరుగుతుంది.

లోపల మూసుకుపోవడానికి కారణం బోరు నీళ్లు. అందులోని సున్నం సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. ఇంజన్ చల్లారాక రేడియేటర్‌లోని పాత నీళ్లు మొత్తం వదిలేసి, తేటగా వచ్చేదాకా కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. రెడీమిక్స్ కూలెంట్ అయితే నీళ్లు కలపకూడదు. రంగులు వేరైన కూలెంట్లు ఒకదాంట్లో ఒకటి కలపొద్దు. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. వాతావరణ పీడనం మీద ఒక బార్ ఒత్తిడి నిలిస్తే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పగిలి ఒత్తిడి నిలవకపోతే ఆ రక్షణ పోతుంది. అంత చిన్న మూత కోసం పెద్ద రిపేర్లు చేయించుకున్నవాళ్లు ఉన్నారు.

లీకు ఎక్కడా లేకుండా కూలెంట్ తగ్గుతోందా? ఆయిల్ మూత అడుగున పాలు కలిపిన కాఫీ రంగు నురగ ఉందా? ఇంజన్ తిరుగుతుంటే కూలెంట్ ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తున్నాయా? హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు. అది ఇంట్లో చేసే పని కాదు, బండిని తోలుకొని కూడా పోవద్దు, లాక్కెళ్లండి.

దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా వేసి, పక్కకు ఆపండి. ఒళ్లంతా చెమటలు పట్టినా సరే, ఆ హీటర్ ఇంజన్ వేడిని కొంత లాగేస్తుంది. కూలెంట్ కారిపోయి ఉంటే మాత్రం ఇంజన్ వెంటనే ఆపేయాలి. వేడి మీద మూత తిప్పితే మొహం కాలుతుంది.

ఘాట్ దిగాక బ్రేక్ పెడల్ మెత్తబడింది

చల్లారాక మళ్లీ గట్టిపడితే, పాత బ్రేక్ ఆయిల్ మరిగినట్టే. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ మరిగే హద్దు కనీసం 230 డిగ్రీలు. తేమ పట్టాక అది 155 దాకా దిగొచ్చు. రెండేళ్లకోసారి మార్చుకుంటే చాలు. ఎప్పుడూ మెత్తగానే ఉంటే గాలి చేరిందనో, ఎక్కడో కారుతోందనో అర్థం. చక్రాల లోపలివైపు తడి ఉందేమో చూడండి. పెడల్ మీద కాలు అలాగే ఆనించి ఉంచితే మెల్లగా కిందికి పోతోందా? మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని బ్రేకులకు పంపే భాగం) చూపించుకోవాలి, అంతదాకా బండి తీయొద్దు.

ఆయిల్ ఎంత కొత్తదైనా రాయచోటి నుంచి వచ్చేటప్పుడు ఆ దిగుడులో న్యూట్రల్ వేసి డీజిల్ డబ్బులు మిగుల్చుకుంటున్నామనుకునేవాళ్లకు ఏ బ్రేకూ సరిపోదు. రెండో గేర్లోనో మూడో గేర్లోనో దిగండి, భారం ఇంజన్ మోస్తుంది.

పొద్దున్నే స్టార్ట్ కావడం లేదు

సెల్ఫ్ కొడితే టక్ టక్ అని ఆగిపోతోందా? టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి ఉంటే ముందు నెగటివ్ విప్పి, వేడినీళ్లలో వంటసోడా కలిపి తోమి, ఆరబెట్టి బిగించండి. మల్టీమీటర్ ఉంటే రాత్రంతా ఆగిన బండి బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్టులు, ఇంజన్ తిరిగేటప్పుడు 14 అటూఇటూ చూపాలి. నిలబడ్డప్పుడు తక్కువైతే బ్యాటరీ, తిరిగేటప్పుడు కూడా పెరగకపోతే ఆల్టర్నేటర్ లేదా దాని బెల్టు. బ్యాటరీని చలికాలం చంపుతుందంటారు గానీ, మన దగ్గర దాన్ని తినేసేది మే నెల. లోపం బయటపడేదే చలికాలంలో.

సెల్ఫ్ గట్టిగా తిరిగినా ఇంజన్ అందుకోకపోతే డీజిల్ అందడం లేదేమో. ఫిల్టర్ కింద స్క్రూ వదిలి నీళ్లు తీసేయండి, చేతి పంపు ఉంటే గట్టిపడేదాకా నొక్కి, లోపలి గాలిని బయటికి పంపండి. స్టార్ట్ చేసే ముందు సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గులు తర్వాతి అనుమానం.

పికప్ తగ్గి నల్లపొగ వస్తోంది

ఎయిర్ ఫిల్టర్. చాలాసార్లు అంతే. దుమ్ము దారుల్లో తిరిగే బండికి కంపెనీ పుస్తకం చెప్పిన గడువు వర్తించదు, సగానికే మార్చండి. గాలి కొట్టి వాడొచ్చు గానీ లోపల నుంచి బయటికి కొట్టాలి, కాగితం చిరిగితే దుమ్ము టర్బోలోకి పోతుంది. ఫిల్టర్ కొత్తదే అయితే టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే హోస్ చూడండి: జిడ్డు మరక, యాక్సిలేటర్ తొక్కితే బుస్సుమనే చప్పుడు ఉంటే క్లిప్ వదులైందో, హోస్ చీలిందో.

ముందు చక్రాల దగ్గర చప్పుడు, స్టీరింగ్ వణుకు

గుంతలో లొడలొడ అంటే సస్పెన్షన్ బుష్‌లు, లింకులు. వణుకు ఒక వేగంలోనే వస్తే బ్యాలెన్సింగ్, బ్రేక్ వేస్తేనే వస్తే డిస్కులు. టైరు పక్కన ముద్రించిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు కూడా చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గీతలు నిండుగా ఉన్నా పక్కల్లో సన్నటి పగుళ్లుంటే మార్చేయాలి.

ఈ పనులకు కింద దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేయండి. ఇటుకలు పనికిరావు, ఒక్కసారిగా పగిలిపోతాయి.