అమ్మమ్మ దగ్గరికి వెళ్లే ముందు ఒక పావుగంట

కోవిడ్ టీకా రెండు డోసులూ, బూస్టరూ పడ్డాయి కదా, ఇంకా టెస్టెందుకు అంటారు చాలామంది. టీకా మనకి జబ్బు ముదరకుండా బాగానే కాపాడుతుంది కానీ, వైరస్ మనకి అంటుకుని మన నుంచి ఇంకొకరికి పోవడాన్ని పూర్తిగా ఆపలేదు. మనకి ఉత్త జలుబులా పోయేది ఎనభై ఏళ్ల షుగరు మనిషికి న్యుమోనియా దాకా వెళ్లొచ్చు.

అందుకే విజయవాడ నుంచి గుంటూరు బ్రాడీపేటలో ఉన్న అమ్మమ్మని చూడ్డానికి వెళ్లేటప్పుడు, బస్సెక్కే ముందు ఇంట్లోనే యాంటిజెన్ కిట్‌తో (వైరస్ ఉందేమో మనమే చూసుకునే టెస్టు) చూసుకుంటాను, ముందురోజు కాదు, ఎందుకంటే రాత్రి నెగెటివ్ వచ్చినవాళ్లకి పొద్దున్నే పాజిటివ్ రావచ్చు. ముందు కిట్ గడువు తేదీ చూడండి. పుల్లని రెండు ముక్కుల్లోనూ తిప్పి, గొట్టంలోని ద్రవంలో కలిపి, టెస్టు పట్టీ మీద చుక్కలేసి, కిట్ కాగితంలో రాసినంతసేపు, మామూలుగా పావుగంట, ఆగాలి. పట్టీ మీద సి అక్షరం (టెస్టు సరిగ్గా పనిచేసిందని చెప్పేది) దగ్గర గీత రాకపోతే ఆ టెస్టు చెల్లదు. టి అక్షరం దగ్గర గీత ఎంత పలచగా ఉన్నా పాజిటివే, కిటికీ వెలుతురులో పెట్టి చూడండి (మా తమ్ముడు "అది గీత కాదులే, నీడ" అని అరగంట వాదించాడు).

గొంతు గరగరగా ఉంటే మాత్రం నెగెటివ్ వచ్చినా ఆగిపోండి, రెండు రోజుల తర్వాత మళ్లీ చూసుకోండి. ఈలోపు వీడియో కాల్ ఉంది, పూతరేకులు ఎక్కడికీ పోవు.