మంచు పట్టిన పూలను ఫొటో తీసేటప్పుడు

లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరులో చలి బాగా ముదిరిన తెల్లవారుజామున వలిసె (పసుపు పూలు పూసే నూనెగింజ పంట) పూరేకుల అంచులపై మంచు గడ్డకట్టి కనిపిస్తే, ఎండ తగిలిన కాసేపటికే అది మామూలు నీటిచుక్కగా మారిపోతుంది కనుక, సూర్యోదయానికి అరగంట ముందే పువ్వును ఎంచుకుని, వెలుగు దాని వెనుక నుంచి వచ్చేలా ట్రైపాడ్‌ను నిలుపుకోవాలి. ఫ్రేము నిండా తెలుపే ఉంటే కెమెరా మోసపోయి మంచును బూడిదరంగులో చూపుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో ఎంత వెలుగుగా రావాలో సరిచేసే కెమెరా సెట్టింగ్) +0.7 నుంచి +1 వరకు పెంచితే అసలు తెలుపు వస్తుంది. మాక్రో లెన్స్‌తో (చిన్న వస్తువులను బాగా దగ్గరనుంచి తీసే లెన్స్) మరీ దగ్గరకు వెళ్లినప్పుడు ఊపిరిని పువ్వు మీదికి వదలకూడదు, ఆ వెచ్చదనానికే సన్నని స్ఫటికాలు కరిగిపోతాయి (నా మొదటి పువ్వు అలాగే పోయింది). తిరిగి వెచ్చని గదిలోకి వెళ్లే ముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో బిగించి ఉంచితే, తేమ లెన్స్ మీద కాక సంచి మీదే పేరుకుంటుంది.