ఇంట్లో పెద్దవాళ్ల చూపును ఎలా పరీక్షించాలి?

మా అమ్మ ఒకరోజు కళ్లద్దాలు లేకుండానే సూదిలో దారం ఎక్కించి మురిసిపోయింది. అదే వారం హన్మకొండ చౌరస్తాలో ఎదురుగా ఆగిన బస్సు బోర్డు చదవలేకపోయింది. శుక్లం వస్తున్న తొలిరోజుల్లో కొందరికి ఇలాగే జరుగుతుంది: కంటిలోని కటకం గట్టిపడి, కొన్నాళ్లు దగ్గరి చూపు మెరుగైనట్లు అనిపిస్తుంది, దూరం మసకబారుతుంది. చత్వారం తగ్గిందని సంబరపడకండి.

రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒకదాని లోపాన్ని రెండోది కప్పేస్తుంది. కాబట్టి ఏ పరీక్షైనా ఒక్కో కంటికి విడిగా చేయాలి.

ముందుగా గోడ క్యాలెండరు. పగటి వెలుతురులో పది అడుగుల దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. దూరపు అద్దాలుంటే పెట్టుకోవాలి. అరచేతితో ఒక కన్ను కప్పమనండి, నొక్కకూడదు. వేళ్ల సందుల్లోంచి చూస్తున్నారేమో గమనించండి, చాలామంది చూస్తారు! తేదీల అంకెలు చదివించి, ఆ కింది తిథి, నక్షత్రం అక్షరాలు ఎంతవరకు కనిపిస్తున్నాయో రాసుకోండి. రెండో కంటికి వేరే నెల తిప్పండి. లేకపోతే గుర్తున్నది అప్పజెబుతారు.

తర్వాత తలుపు చౌకట్టును ఒక్కో కన్నుతో చూడమనండి. నిలువు గీత వంకరపోయినా, మధ్యలో మచ్చ కనిపించినా రెటీనా (కంటి వెనుక గోడకు ఉండే పొర) నడిబొడ్డు దెబ్బతిని ఉండవచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

పక్కచూపు కోసం మూడడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చోండి. వాళ్లు ఎడమ కన్ను మూస్తే మీరు కుడి కన్ను మూయాలి. మీ ముక్కునే చూడమని చెప్పి, మీ వేలిని పక్క నుంచి మెల్లగా లోపలికి తెండి. మీకు కనిపించాక చాలాసేపటికి గానీ వాళ్లకు కనిపించకపోతే నీటికాసులేమో చూపించుకోవాలి. ఈ జబ్బు చాలామందిలో నొప్పి లేకుండా పక్కచూపును తినేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఇంటి పరీక్షలో తేడా దొరికేసరికే చాలా నష్టం జరిగి ఉండవచ్చు. అందుకని ఇంట్లో ఒకరికి ఉంటే, మిగిలిన రక్తసంబంధీకులు నలభై దాటాక కంటి ఒత్తిడి, కంటి నరం పరీక్షలు చేయించుకోవాలి.

షుగరు ఉన్నవాళ్లకు చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పదు. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది. తోడు వెళ్లండి, బండి వాళ్ల చేతికివ్వకండి. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. 2018లో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో తీసుకున్న అద్దాలే ఇంకా వాడుతుంటే, వాటినీ వెంట తీసుకెళ్లి పవరు సరిచూపించండి.

పొలంలో వరి ఆకు కంటికి గీసుకుంటే ఆముదం, చనుబాలు పోయవద్దు. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు మరీ ప్రమాదం, ఫంగస్ చేరితే ముదిరిపోతుంది. శుభ్రమైన నీటితో కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కంట్లో ఒక్కసారిగా మెరుపులు వచ్చినా, తెర దిగినట్లు అనిపించినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

అమ్మకు ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఇంటికి రాగానే తనే ఒక్కో కన్ను మూసి వంటింటి గోడ చూసుకుంది. ఇన్నాళ్లూ లేత పసుపు అనుకున్న గోడ తెల్లదట.