వైరస్ బొమ్మ గీయడం, 7వ పాఠం: కొవ్వు పొర లేని వైరస్ సరుకు దింపేదెలా?

పోయిన పాఠం చివర పోలియో వైరస్ కణంలోకి దిగే బొమ్మ గీయమన్నాను. వచ్చిన బొమ్మల్లో సగానికి పైగా వైరస్ గుల్ల కణత్వచంలో కలిసిపోతోంది. ఈ తప్పులో నా వాటా ఉంది. ఫ్లూ వైరస్ గురించి చెబుతూ, చారు మీద తేలే రెండు నూనె చుక్కలు ఒకటైపోయినట్టు అని రాశాను. ఆ పోలిక బాగా గుర్తుండిపోయినట్టుంది, పోలియోకీ అదే వేసేశారు. ఫ్లూకి ఒంటి చుట్టూ కొవ్వు పొర ఉంది, కణత్వచమూ కొవ్వే, అందుకే కలుస్తాయి. పోలియోకి బయట ఉన్నది ప్రొటీన్ గుల్ల. నూనె చుక్కలో బఠాణీ గింజ కలవదు కదా. గుల్ల కట్టుబడి 4వ పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను.

ఆ తప్పు నాకు పెద్ద బాధ కాదు. నన్ను విసిగించేది రెండోది: "వైరస్ ఎండోసోమ్‌లోకి వెళ్ళింది, కాబట్టి కణంలోకి వెళ్ళిపోయింది" అని రాయడం. వెళ్ళలేదు!

ఊదిన బెలూన్‌ని వేలితో లోపలికి నొక్కండి. వేలు బెలూన్ మధ్యదాకా పోతుంది. కానీ వేలికి తగులుతున్నది బెలూన్ బయటి వైపే, లోపలి గాలి కాదు. ఆ నొక్కు మూతి మూసుకుపోయి సంచిలా తెగి లోపలికి వస్తే అదే ఎండోసోమ్. సంచిలో ఉన్నదంతా బయటి సరుకే. ఇంకోలా చెప్తాను. చింతగింజ మింగారు. కడుపులో ఉంది, నిజమే. ఒంట్లో కలిసిందా? రెండు రోజుల తర్వాత ఎలా మింగారో అలాగే బయటికొస్తుంది. ఎండోసోమ్‌లో కూర్చున్న వైరస్ కూడా ఆ చింతగింజే. వైరస్ సరుకంటే దాని జన్యువులు, ఆర్‌ఎన్‌ఏ గానీ డీఎన్‌ఏ గానీ. వాటితో వైరస్ ప్రొటీన్లు తయారుచేసి పెట్టాల్సిన రైబోజోములు త్వచానికి అవతల, కణద్రవంలో ఉన్నాయి. త్వచం దాటనిదే పని జరగదు.

నేను వాడే చిట్కా ఇది: కణం బయట అంతా నీలం పెన్సిల్‌తో రుద్దండి. ఎండోసోమ్ లోపల కూడా నీలమే. కణద్రవం తెల్లగా వదిలేయండి. నీలంలోంచి తెలుపులోకి ఏది, ఎక్కడ దాటిందో అక్కడ ఎర్ర గీత పెట్టండి. ఎర్ర గీత లేని బొమ్మ నేను చూడను.

ఇప్పుడు పోలియో. గుల్ల అడ్డంగా సుమారు 30 నానోమీటర్లు. వీపీ1, వీపీ2, వీపీ3, వీపీ4 అనే నాలుగు ప్రొటీన్లు, ఒక్కోటి 60 చొప్పున. వీపీ4 లోపలి వైపు దాక్కుని ఉంటుంది. గుల్ల పైన లోయలాంటి పల్లం. ఆ పల్లం అడుగున వీపీ1లో చిన్న జేబు, జేబులో ఒక కొవ్వు అణువు. గుల్ల వదులు కాకుండా పట్టి ఉంచే మేకు అదే అనుకోండి. కణం మీది సీడీ155 అనే రిసెప్టర్ (వైరస్ పట్టుకునే ప్రొటీన్) వచ్చి లోయలో కూర్చుంటే మేకు ఊడిపోతుంది. చల్లగా, 4 డిగ్రీల దగ్గర, రిసెప్టర్ అంటుకుంటుంది గానీ గుల్ల కదలదు. 37 డిగ్రీలకు తెస్తే గుల్ల కొంచెం ఉబ్బుతుంది, వీపీ4 బయటికి వస్తుంది, వీపీ1 కొస కూడా బయటికి వచ్చి త్వచంలో గుచ్చుకుంటుంది. అక్కడ ఏర్పడిన సన్నటి దారిలోంచి సుమారు 7,500 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ తెలుపులోకి జారుతుంది. గుల్ల పగలదు, ఖాళీ గుల్ల నీలంలోనే మిగిలిపోతుంది. ప్లెకోనారిల్ లాంటి మందులు చేసేది ఆ జేబులో దూరి మేకు ఊడకుండా చూడటమే.

గుల్ల త్రిభుజాల పలకలతో కట్టినట్టుంటుంది. ఆర్‌ఎన్‌ఏ అయిదు త్రిభుజాలు కలిసే మూలలోంచి వస్తుందని పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. తర్వాత క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చూపించింది వేరు: రెండు త్రిభుజాలు కలిసే అంచు దగ్గర. మూలలో గీసినవాళ్ళకు మార్కులు తగ్గించలేదు.

అడినోవైరస్ మొరటు పద్ధతి. అందులోని ప్రొటీన్ 6 ఎండోసోమ్ త్వచాన్నే చించేస్తుంది. సగం విడిపోయిన గుల్ల తెలుపులోకి పడి, కణంలోని పట్టాల మీద కేంద్రకం దాకా వెళ్ళి, దాని రంధ్రం దగ్గర డీఎన్‌ఏని లోపలికి పంపుతుంది. ఈ బొమ్మలో ఎర్ర గీతలు రెండు: ఎండోసోమ్ దగ్గర ఒకటి, కేంద్రకం దగ్గర ఇంకొకటి.

రోటా వైరస్ దగ్గర జాగ్రత్త. పై గుల్ల మాత్రమే ఊడుతుంది. మిగిలిన రెండు పొరల గుల్ల మొత్తంగా తెలుపులోకి దిగుతుంది. 11 ముక్కల ఆర్‌ఎన్‌ఏ ఎప్పటికీ బయటికి రాదు, లోపలే కూర్చుని నకళ్ళు మాత్రం బయటికి తోస్తుంది. రోటాది జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ, అది కంటపడితే కణం వెంటనే అలర్ట్ అవుతుంది మరి.

ప్రాక్టీస్ ఒక్కటే, కాస్త కష్టం. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మామూలు పోలియో వైరస్ 160ఎస్ వేగంతో దిగుతుంది (ఎస్ అంటే దిగే వేగానికి కొలత), రిసెప్టర్ తగిలాక 135ఎస్, ఖాళీ గుల్ల 80ఎస్. 135ఎస్ దశలో ఆర్‌ఎన్‌ఏ ఇంకా లోపలే ఉంది. పోయిన వీపీ4 బరువు చాలా తక్కువ. మరి అంత నెమ్మది ఎందుకు? బరువు లెక్కలు వేస్తూ కూర్చోకండి, విప్పిన దూదిని తలుచుకోండి. ఆ తర్వాత: 160ఎస్ త్వచానికి అతుక్కోదు, 135ఎస్ అతుక్కుంటుంది. ఎందుకు? ఇంకొకటి: ఎండోసోమ్‌లో ఆమ్లం పెరగకుండా ఆపే బాఫిలోమైసిన్ వేస్తే జలుబు తెచ్చే రైనోవైరస్ 2 ఆగిపోతుంది, పోలియో ఆగదు. రెండింటికీ ఎర్ర గీత ఎక్కడ పెడతారు? ఈసారి వాక్యాలు పంపకండి, రంగు వేసిన బొమ్మలే పంపండి.