పిగ్మీ ఊసరవెల్లి పగలే కళ్లు మూసుకుంటోందా? డ్రాప్స్ పక్కనపెట్టి ముందు నీళ్ల సంగతి చూడండి

ఇంట్లో పెంచుకునే పిగ్మీ ఊసరవెల్లుల్లో ఈ లక్షణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పట్టపగలు లైట్ వెలుగుతుండగానే కళ్లు మూసుకుని కూర్చుంటుంది, తెరిచినా కన్ను లోపలికి గుంటపడి ఉంటుంది, పురుగు కనబడితే అటు తిరుగుతుంది గానీ నాలుక విసరదు, విసిరినా సగంలో ఆగిపోద్ది. ఇక మొదలు. కళ్లలో వేసే మందు ఏది, విటమిన్ ఎ తగ్గిందా, యూవీ లైట్ మార్చాలా అని నన్ను అడిగేవాళ్లందరూ ఇక్కడ్నుంచే వస్తారు. రెట్ట చూశారా అంటే మాత్రం ఒక్కరూ చూసుండరు.

ఒక్క విషయం ముందే చెప్పేస్తా, మిస్టింగ్ చేసేటప్పుడు, అంటే నీళ్లు తుంపరగా కొట్టేటప్పుడు, రెప్పలు ఉబ్బించి కన్ను గుండ్రంగా తిప్పుతూ మూసుకుందంటే అది కళ్లు కడుక్కుంటోంది, దానికి కంగారు పడక్కర్లేదు. మామూలుగా కూర్చున్నప్పుడు పగలు మూసుకుంటేనే ఏదో తేడా ఉన్నట్టు.

ముందు రెండు నిమిషాల పని

థర్మామీటర్ దాన్ని ఉంచే పెట్టె గాజుకి పైన అతికించి చదవకండి, అది కూర్చునే ఎత్తులో, ఆకుల దగ్గర పెట్టి చూడండి. టాంజానియా వైపు ఉసాంబర, ఉలుగురు కొండల అడవుల్లో నేల మీద ఎండుటాకుల్లో, పొట్టి మొక్కల మీద బతికే జీవులివి. 18 నుంచి 24 డిగ్రీలుంటే హాయిగా ఉంటాయి, 27 దాటి అలాగే ఉంటే వాడిపోతాయి. పెద్ద ఊసరవెల్లికి పెట్టినట్టు బాస్కింగ్ బల్బు (ఒళ్లు కాచుకోవడానికి పెట్టే వేడి బల్బు) పెట్టినవాళ్లు ముందు అది పీకేసి ఓ రోజు చూసి తర్వాత మాట్లాడండి.

రెండోది రెట్ట. ఎండుటాకుల్లో అంత చిన్నది దొరకదు అంటారు, నిజమే, అందుకే అది రాత్రి పడుకునే కొమ్మ కింద ఓ టిష్యూ ముక్క పరవండి, ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒకటి పడుతుంది. నల్లటి ముక్క పక్కన ఉండే యూరేట్, అంటే గట్టిపడిన మూత్రం, తెల్లగా ఉందా, పసుపు, నారింజ రంగులోకి తిరిగిందా చూడండి. నారింజ రంగులో ఉందంటే ఒంట్లో నీళ్లు లేవు. ఆ మాట చెప్పగానే వచ్చే జవాబు కూడా నాకు తెలుసు, "మా హైగ్రోమీటర్ (గాల్లో తేమ కొలిచేది) 85 శాతం చూపిస్తోందండీ, నీళ్లు తక్కువ ఎలా అవుతాయి?"

నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే

గాల్లో తేమ వేరు, తాగే నీళ్లు వేరు. నాకది తెలియక కాదు, తెలిసీ పట్టించుకోలేదు. నా దగ్గర గడ్డం పిగ్మీ ఒకటి ఉండేది, రీపెలియాన్ బ్రెవికాడాటస్ అంటారు, మహా అయితే చిటికెన వేలంత. దానికి ఫాగర్, అంటే పొగమంచు వదిలే మెషిన్ పెట్టా. చూడ్డానికి భలే ఉంటుంది, కొండ మీద మంచులాగా పొగ పాకుతూ ఉంటుంది, మీటర్ ఎప్పుడు చూసినా 80 పైనే. మూడో వారానికి కళ్లు గుంటపడ్డాయి. నేను తిండి మార్చా, ఫ్రూట్ ఫ్లైస్ తీసేసి చిన్న క్రికెట్లు (కీచురాళ్లు) పెట్టా, కాల్షియం డబ్బా మార్చా, లైట్ జరిపా, అంటే అసలు పని ఒక్కటి తప్ప అన్నీ చేశా. ఓ రోజు గాజు తుడుస్తుంటే తడిగుడ్డ లోంచి నాలుగు చుక్కలు మనీ ప్లాంట్ ఆకు మీద పడ్డాయి. ముందు కదల్లేదు. కాసేపటికి మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఆకు అంచున వేలాడుతున్న చుక్కకి మూతి ఆనించి దవడ ఆడించడం మొదలెట్టింది, మింగుతుంటే గొంతు కింద చర్మం కదలడం కనబడుతోంది. నేను చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయా, పదకొండు నిమిషాలు తాగింది.

ఫాగర్ పొగ మీటర్‌ని తడుపుతుంది గానీ ఆకు మీద చుక్క కట్టదు. గిన్నెలో నీళ్లు పెడితే ఇవి వాటిని నీళ్లుగా గుర్తుపట్టవు, కదిలే చుక్క, మెరిసే చుక్క అయితేనే చూస్తాయి. స్ప్రే బాటిల్‌తో పది సెకన్లు కొట్టి మూత వేసేసినా అదే కథ, ఎందుకంటే తడి తగిలిన వెంటనే ఇవి తాగవు, ముందు బిగుసుకుపోతాయి, తర్వాత కళ్లు కడుక్కుంటాయి, తాగాలనే ఆలోచన వచ్చేసరికి అయిదారు నిమిషాలవుతుంది, అప్పటికి మీ చుక్కలు జారి కింద మట్టిలో కలిసిపోయుంటాయి. పైగా మనం దగ్గర నిలబడి చూస్తుంటే కొన్ని అసలు తాగవు.

సరిచేసే పద్ధతి

పొద్దున లైట్ వేసే టైమ్‌కి ఒకసారి, సాయంత్రం ఒకసారి, సన్నటి తుంపరతో మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగకుండా. ఆకుల చివర చుక్కలు వేలాడాలి, అదే లెక్క, మీటర్ నంబర్ కాదు. ఇంకో చవకైన ఉపాయం ఉంది, ప్లాస్టిక్ కప్పుకి అడుగున సూదితో బెజ్జం పెట్టి పైన జాలీ మీద ఉంచితే కింద ఆకు మీద ఒక్కో చుక్కా పడుతూ ఉంటుంది, ఆ కిందే ఓ మూత పెట్టి కారిన నీళ్లు పారబోయండి. మిస్టింగ్‌కీ మిస్టింగ్‌కీ మధ్య ఆకులు ఆరాలి. నీళ్లు తక్కువైందన్నారు కదా అని రోజంతా తడిపేసి మట్టిని బురద చేసేవాళ్లున్నారు, గాలి ఆడక కాళ్లకి పుండ్లు పడితే అది ఇంకో తలనొప్పి.

ఇప్పటికే బాగా నీరసించిపోతే గాలి ఆడే చిన్న డబ్బాలో చిన్న మొక్క పెట్టి దాన్ని ఎక్కించి, గది వేడిలో ఉన్న నీళ్లతో పది పదిహేను నిమిషాలు సన్నగా తుంపర పడనివ్వండి, పక్కన కూర్చోకండి. నోరు తెరిచి సిరంజితో పొయ్యొద్దు, ఇంత చిన్న ప్రాణి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే అయిపోయినట్టే. చేత్తో ఊరికే ఎత్తడం కూడా తగ్గించండి, పట్టుకుంటే ఫోన్ వైబ్రేట్ అయినట్టు అదురుతుంది చూశారా, అది ముద్దు కాదు, వదిలెయ్యమని. రెండు రోజులకీ కన్ను తెరవకపోతే సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, వాళ్లు ఫ్లూయిడ్స్ ఎక్కిస్తారు.

ఇవి కూడా కావచ్చు

అడవిలో పట్టి తెచ్చినదైతే కడుపులో పురుగులు, రెట్ట డాక్టర్‌కి ఇస్తే తేలిపోద్ది. ఒంటి మీద చిన్న చిన్న గాట్లుంటే రాత్రి మిగిలిపోయిన క్రికెట్లు కొరికాయి, సాయంత్రానికల్లా ఏరేయండి. ఆడది నేల తవ్వుతూ తిరుగుతుంటే గుడ్లు. విటమిన్ ఎ లోపం, కంట్లో నలక లాంటివి కూడా ఉండొచ్చు, పై పనులన్నీ అయ్యాక అప్పుడు ఆలోచించండి. డ్రాప్స్ చివర్లో.

సరైన దారిలో ఉన్నామో లేదో రాత్రి లైట్ ఆర్పాక తెలుస్తుంది. నేల మీద ఆకుల్లో పడిపోయి కాకుండా, పైకెక్కి సన్నటి పుల్ల చివర లేత రంగులోకి మారి తోక చుట్టుకుని పడుకుందంటే ఒంట్లోకి కాస్త బలం వచ్చినట్టే. యూరేట్ తెల్లబడటానికి ఇంకో నాలుగైదు రోజులు పట్టొచ్చు, కొమ్మ కింద టిష్యూ మాత్రం తియ్యకండి.